సెలవిచ్చినా కదలరేం?

2024 మే 13. ఆంధ్రలో పోలింగ్ 80 శాతం దాటింది. కిక్కిరిసిన బస్సుల్లో సొంతూళ్లకు వెళ్లి, కొన్నిచోట్ల రాత్రి పొద్దుపోయేదాకా లైన్లో నిలబడి మరీ ఓటేశారు. అదే రోజు హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో ఎంత? 48 శాతం! సెలవే కదా, ఏమొచ్చింది? జాబితాలో పేరు గల్లంతైనవాళ్లను అనడం లేదు. పేరుండి, బూత్ వీధి చివరే ఉండి వెళ్లనివాళ్ల సంగతేంటి?

డ్రైనేజీ పొంగితే మా అపార్ట్‌మెంట్ గ్రూపు నిండా మెసేజ్‌లే. వార్డు మీటింగ్‌కి పదండంటే అందరికీ పనులే! తెలంగాణ పల్లెల్లో రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని 2018 చట్టం చెబుతోంది. పెట్టేదెందరు? పెడితే వచ్చేదెందరు? ఓటెయ్యడానికి అరగంట దొరకదు గానీ, కార్పొరేటర్‌ని తిట్టడానికి మాత్రం ఐదేళ్లూ తీరికే. ఒళ్లు మండదా మరి!