సవరణ: ఆగింది కమిషన్ కాదు, వంద డాలర్ల రెఫరల్ ఫీజు

అమెరికాలో ముందు నుంచే జబ్బులున్నవారి కోసం 2010 ఆరోగ్య చట్టం కింద పెట్టిన పీసీఐపీ బీమా గురించి మొన్న రాస్తూ, "బ్రోకర్ల కమిషన్ రద్దు చేశారు, దాంతో ప్రీమియం తగ్గింది" అన్నాను. రెండూ తప్పే.

బ్రోకర్లకు ఆ పథకంలో కమిషన్ అంటూ లేదు. వాళ్లు పంపిన మనిషి పథకంలో చేరితే కేంద్రం ఒక్కసారి వంద డాలర్లు ఇచ్చేది. మామూలు పాలసీల్లోలా రెన్యువల్ అయినప్పుడల్లా వచ్చే డబ్బు కాదది. అదీ కేంద్రమే పథకాన్ని నడిపిన రాష్ట్రాల్లోనే. 27 రాష్ట్రాలు సొంతంగా నడుపుకున్నాయి, వాటి లెక్క వేరు. కొంతకాలానికి ఆపేసింది ఈ వంద డాలర్లనే. ప్రైవేటు కంపెనీలు బ్రోకర్లకిచ్చే కమిషన్‌తో దీనికి సంబంధం లేదు.

ఇక ప్రీమియం. అది తగ్గింది 2011 జులైలో, 18 రాష్ట్రాల్లో, కొన్నిచోట్ల 40 శాతం దాకా. రెఫరల్ ఫీజు మొదలైందే ఆ తర్వాత! తేదీలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఈ పొరపాటు జరిగేది కాదు. అక్కడి మార్కెట్ రేట్లకు దగ్గరగా ఉండాలనే ప్రీమియం తగ్గించారు.

ఫీజు ఆగినంత మాత్రాన అప్పటికే చేరినవారి బీమా పోలేదు. కొత్తవారిని చేర్చుకోవడం మాత్రం కేంద్రం నడిపిన రాష్ట్రాల్లో 2013 ఫిబ్రవరిలో, సొంతంగా నడుపుకున్న రాష్ట్రాల్లో మార్చి మొదట్లో నిలిచిపోయింది. కేటాయించిన 500 కోట్ల డాలర్లు వేగంగా కరిగిపోతుండటమే దానికి కారణం, బ్రోకర్లు కాదు. పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను.