కరువు లెక్క మంచులో ఉంది

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఓ ముసలి చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు దాని కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది బతికారు. ఆ వరద దెబ్బకే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. కరువుకు మాత్రం సాక్ష్యం చెప్పే అలాంటి చెట్టేదీ లేదు.

వానలు కొలిచే మన వాతావరణ శాఖ పుట్టింది 1875లో. అంతకుముందు 1791-92లో హైదరాబాద్ రాజ్యాన్ని కూడా కుదిపేసిన పుర్రెల కరువు వచ్చింది. శవాలను దహనం చేసే దిక్కు కూడా లేక పుర్రెలు, ఎముకలు పొలాల్లో తేలాయట, అందుకే ఆ పేరు. అప్పటి వానల లెక్క మంచులో దొరికింది. 1997లో అమెరికా హిమానీనద శాస్త్రవేత్త లానీ థాంప్సన్ బృందం టిబెట్ వైపు హిమాలయాల్లో, దాదాపు 7,200 మీటర్ల ఎత్తున, దాసువోపు హిమానీనదాన్ని తవ్వి రోకళ్లలాంటి మంచు ముక్కలు బయటికి తీసింది. ఏటా కురిసే మంచు పొర మీద పొరగా పేరుకుంటుంది. రుతుపవనాలు విఫలమైన ఏళ్ల పొరల్లో దుమ్ము, క్లోరైడ్ (ఉప్పులో ఉండే పదార్థం) ఎక్కువ. 1790 నుంచి 1796 దాకా ఆ గుర్తు చాలా స్పష్టంగా ఉంది. మన పెద్దలు ధాత కరువు అని తలచుకునే 1876-77 కూడా అందులో కనిపిస్తుంది.

ధ్రువాల మంచు కూడా ఇలాంటి లెక్కే చెబుతుంది. అంటార్కిటికాలోని లా డోమ్ అనే మంచు గుట్టలో వేసవి పొరల్లో సముద్రపు ఉప్పు, పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్ నినో ఏళ్లలో తగ్గుతుంది, తూర్పు ఆస్ట్రేలియాలో వానలూ తగ్గుతాయి. ఈ మంచు ఆధారంగా వెయ్యేళ్ల చరిత్రను తిరగేస్తే, 1174 నుంచి 1212 వరకు దాదాపు ఎడతెగకుండా సాగిన 39 ఏళ్ల కరువు బయటపడింది. కొలతలు మొదలయ్యాక ఆస్ట్రేలియా అలాంటిది చూడలేదు.

ఆ ఉప్పు లెక్కను తెచ్చి హైదరాబాద్‌కు అంటగట్టలేం, అది వాళ్ల వానల కథ. దాసువోపు మంచు కూడా ఇక్కడ ఎన్ని మిల్లీమీటర్లు పడిందో చెప్పదు. కానీ వానలు వరుసగా ఎన్నేళ్లు మొహం చాటేయగలవో చెబుతుంది. మన నీటి ప్లానింగ్‌లో లేనిది సరిగ్గా అదే అని నా బాధ. 2015లో సింగూరు, మంజీరా ఎండిపోతేనే ఇంటింటా ట్యాంకర్ టెన్షన్ చూశాం. అది వరుసగా రెండేళ్లు వానలు తగ్గితే వచ్చిన కష్టం. 1790ల లాంటి ఏడేళ్లు మళ్లీ వస్తే కృష్ణా, గోదావరి పైపుల్లో ఎన్నాళ్లు నీళ్లు వస్తాయి? అధికారులు ఆ లెక్క ఇప్పుడే వేసి, జనం ముందు పెట్టాలి.