కెంపు అడిగితే వజ్రాల ట్రే తోస్తారేంటండీ

మా చెల్లి నిశ్చితార్థానికి ఉంగరం కోసం అమలాపురంలో ఓ నగల షాపుకెళ్లాం. దానికి అమ్మమ్మ కెంపుల దుద్దులంటే చిన్నప్పట్నుంచీ ప్రాణం. అందుకే కెంపు రాయి చాలంది. ఆ మాట అనగానే సేల్స్ అబ్బాయి వజ్రాల ట్రే ముందుకు తోశాడు. "ప్రధానానికి కెంపేంటండీ, మగపెళ్లివారు ఏమనుకుంటారు?" మా మేనత్తా వంత పాడింది.

ఒళ్లు మండిపోయింది. వజ్రమే పెట్టాలని మన ఆచారంలో ఎక్కడుంది? వజ్రం శాశ్వతమన్న మాట 1947లో డీబీర్స్ అనే వజ్రాల కంపెనీ అమ్మకాల కోసం అమెరికాలో ఓ ప్రకటనల కంపెనీ రాసింది. అది మనకి శాస్త్రమెప్పుడైంది?

గట్టిదనమంటారా? రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ స్కేలు మీద వజ్రం 10, వజ్రంలా మెరిసే మోయిసనైట్ అనే రాయి 9.25, కెంపు, నీలం 9. రోజూ అంట్లు తోమే చేతికి బ్రహ్మాండంగా సరిపోతాయి. (పచ్చ మాత్రం జాగ్రత్త, దెబ్బ తగిలితే బీటలిస్తుంది.) పోనీ ల్యాబ్‌లో తయారైన వజ్రం చూపించమంటే "అది డూప్లికేటండీ" అనేశాడు. పచ్చి అబద్ధం! అదీ అచ్చమైన కార్బనే, గనిలోదానికీ దానికీ కంటితో తేడా చెప్పలేం, పైగా ధర చాలా తక్కువ.

బంగారమైతే ఆ రోజు రేటు చూసి వెనక్కి తీసుకుంటారు. మరి ఈ వజ్రం తిరిగిస్తే ఎంతిస్తారని నాన్న అడిగితే నీళ్లు నమిలాడు. కొబ్బరికాయలు దింపించి, దళారి చెప్పిన రేటుకే అమ్ముకుని కూడబెట్టిన డబ్బండీ అది.