మన కతోలిక పూజ చెల్లదని తీర్పు చెప్పే అధికారం ఎవరిది?

"1958 నుంచి పోపు పీఠం ఖాళీగా ఉంది. 1969లో వచ్చిన కొత్త పూజ చెల్లదు, దాన్ని ఆరుగురు ప్రొటెస్టెంట్ పాస్టర్లు రాశారు. అపోస్తలుల నాటి లాటిన్ పూజే నిజమైనది. మీ విచారణ (పారిష్) గుడికి వెళ్లకండి." ఈ సందేశం, ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలం మొదలైనప్పటి నుంచి నాకు వస్తూనే ఉంది. పంపుతున్నవాళ్లు జపమాల విడవని మనుషులు, నాకు కావలసినవాళ్లు. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

లాటిన్ అపోస్తలుల నాటిదన్న మాటతో మొదలుపెడతాను. రోములోనే తొలి శతాబ్దాల్లో పూజ గ్రీకులో జరిగింది. ఆ లాటిన్ పూజలోనే ఇప్పటికీ వినిపించే "కీరియే ఎలెయిసోన్" గ్రీకు మాట. మన పక్కనే కేరళలో సిరియన్ కతోలికులు శతాబ్దాలపాటు సురియానీలో బలి అర్పించారు. వాళ్ల పూజలు కూడా చెల్లలేదా?

లాటిన్ పూజగ్రంథం గురించి పోపు ఐదవ పయస్ 1570లో ఇచ్చిన ఆజ్ఞను ఏ పోపూ మార్చలేడన్నది తర్వాతి మాట. మరి అదే పూజగ్రంథాన్ని 1604లో ఎనిమిదవ క్లెమెంట్, 1634లో ఎనిమిదవ అర్బన్ సవరించారు. పన్నెండవ పయస్ 1955లో పవిత్ర వారం ఆచారాలనే తిరగరాశారు. 1958లో చనిపోయిన ఆయన మీ లెక్కలో కూడా నిజమైన పోపే కదా!

ఆరుగురు పాస్టర్ల కథకు ఒక్క వాక్యం చాలు: కొత్త పూజను సిద్ధం చేసిన సంఘానికి వాళ్లు పరిశీలకులుగా వచ్చారు, వాళ్లకు ఓటు లేదు.

ఆరతి, నేలమీద కూర్చోవడం, అంజలి ఘటించడం అన్యాచారాలట. భారత మేత్రాణులు (బిషప్పులు) కోరిన 12 అంశాలకు 1969లో రోమే అనుమతి ఇచ్చింది. ఇంతకంటే చెప్పవలసిందేమీ లేదు.

ఇక అసలు విషం. "చెల్లదు" అన్న ఒక్క మాట ఎంత దూరం పోతుందో పంపేవాళ్లు ఆలోచించారా? ఈ వాదం అక్కడితో ఆగదు. 1968లో మారిన గురుపట్టాభిషేక విధానం కూడా చెల్లదంటుంది. అప్పుడు మన ఊరి గురువులు గురువులు కారు. 2022లో కార్డినల్ అయిన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు మామూలు గృహస్థుడు. అదే ఏడాది పునీతుడైన దేవసహాయం పిళ్లై పునీతుడు కాడు. యాభై ఏళ్లుగా మనవాళ్లు చెప్పుకున్న పాపసంకీర్తనాలకు క్షమాపణ లేదు, మంచం మీద ఉన్నవాళ్లకు ఇచ్చిన అభ్యంగనం వట్టి నూనె. ఈ సందేశం చదివిన ఒక పెద్దావిడ, చనిపోయిన భర్తకు అందిన చివరి సంస్కారం చెల్లినట్టా కాదా అని నన్ను అడిగింది. ఏ అధికారంతో ఆమె మనసులో ఆ భయం నాటారు? వేదశాస్త్రం చదివారా, రెండవ వాటికన్ మహాసభ నిర్ణయాల్లో ఒక్క పేజీ తిరగేశారా, లేక వేలితో నొక్కడం వస్తే చాలనుకున్నారా?

మీరు ఫొటో పెట్టి మరీ పొగిడే, మహాసభ తెచ్చిన మార్పులను ఎదిరించిన ఫ్రెంచి అగ్రపీఠాధిపతి మార్సెల్ లెఫెవ్ర మాటే వినండి. 1988 మే 5న రోముతో కుదిరిన ఒప్పందపత్రంలో, శ్రీసభ (చర్చి) ఉద్దేశంతో, పోపులు ఆరవ పౌలు, రెండవ జాన్ పౌలు ప్రకటించిన గ్రంథాల ప్రకారం చేసే పూజ, సంస్కారాలు చెల్లుతాయని ఒప్పుకొని ఆయన సంతకం పెట్టారు. మరునాడే ఆ ఒప్పందం నుంచి తప్పుకున్నారు, నిజమే. కానీ అది కొత్త మేత్రాణుల అభిషేకం గురించిన పేచీ. రోము అనుమతి లేకుండా జూన్ 30న నలుగురిని అభిషేకించి బహిష్కరణకు గురైన మనిషి కూడా పీఠం ఖాళీ అనలేదు. ఆయన స్థాపించిన సంఘం గురువులు ఈనాటికీ పూజలో పోపు పేరు చెప్పి ప్రార్థిస్తారు. తిరుగుబాటు చేసినవాళ్లే అనని మాటను మీరు మా ఇళ్లలోకి మోసుకొస్తున్నారు.

పాత పూజ మీద ప్రేమ తప్పని నేను అనను. ఏటా పెంతెకోస్తు పండుగకు ఫ్రాన్స్‌లో పారిస్ నుంచి షార్త్ర్‌కు పాత పూజతో కాలినడకన వెళ్లే వేలాది యువకుల భక్తిని ఎవరు కాదనగలరు? 2007లో పోపు పదహారవ బెనెడిక్ట్ పాత పూజకు తలుపు తెరిస్తే, 2021లో పోపు ఫ్రాన్సిస్ దాదాపు మూసేశారు. ఆ డిసెంబరులో రోము నుంచి వచ్చిన వివరణ, విచారణ గుడి పూజావేళల పట్టికలో పాత పూజను చేర్చడం తగదంది. అది అనవసరమైన కాఠిన్యమని నా అభిప్రాయం. పైగా తప్పు మన వైపూ ఉంది. విశ్వాసులు తమ వంతు ప్రార్థనలను లాటిన్‌లో కూడా చెప్పగలిగేలా, పాడగలిగేలా చూడాలని 1963లో మహాసభే రాసింది. గ్రెగోరియన్ గానానికి మొదటి స్థానం ఇవ్వమంది. మన గుళ్లలో అది ఎక్కడుంది? కీబోర్డు హోరులో సత్ప్రసాదం తర్వాత రెండు నిమిషాల మౌనం కూడా దొరకడం లేదు. నెలకు ఒక్క ఆదివారమైనా లాటిన్ గానంతో పూజ జరపమని మేత్రాణులకు ఉత్తరం రాయండి. దాని మీద నేనూ సంతకం పెడతాను.