సెటిరిజిన్ మాత్ర గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సెటిరిజిన్ మాత్ర గారి దివ్యసముఖానికి,

ఎడమ రెక్క ఎముక పక్కన, ఏ చేతికీ అందని జానెడు చోటునుంచి రాస్తున్నాను. ఉభయకుశలోపరి అనడం మర్యాదే గానీ, ఇక్కడ కుశలం లేదు, దురదే ఉంది.

తుమ్మినా మీరే, దద్దురు లేచినా మీరే, చీమ కుట్టినా మీరే. మందుల దుకాణంలో ‘వీపు దుర...’ అనేలోపే కత్తెరతో మీ అట్ట కత్తిరించి చేతిలో పెడతారు. వీపు చూసిన వాళ్లు లేరు. పక్కింటి పిన్నిగారు సరే, పెళ్లి పందిట్లో పురోహితుడు కూడా అక్షతలతో పాటు మీ పేరే ప్రసాదించారు.

దద్దుర్ల మీద మీ ప్రతాపాన్ని శంకించను. చర్మంలో హిస్టమిన్ అనే అలర్జీ రసాయనం చెలరేగితే దాన్ని కట్టడి చేయగల మొనగాడు మీరు. కానీ నా వీపులో హిస్టమిన్ ఏ పాపమూ ఎరగదు. వెన్నుపూసల మధ్యనుంచి చర్మానికి వచ్చే నరం దారిలో ఎక్కడో నలిగి, మెదడుకు లేనిపోని చాడీలు చెబుతోంది. దీన్ని నోటాల్జియా పారెస్తెటికా అంటారట. దద్దురు ఉండదు, గోకగా గోకగా పడ్డ నల్లమచ్చ తప్ప. ఆ మచ్చను తామర అనుకుని పూతమందు ఇచ్చిన మహానుభావులూ ఉన్నారు.

మీ ఉపకారం లేదనను. ఆఫీసు సమావేశాల్లో హాయిగా కునుకు పట్టింది. నేను నిద్రపోయినా దురద మాత్రం మేలుకునే ఉంది. మీ తండ్రిగారు హైడ్రాక్సిజిన్ వచ్చి ఇంకా గాఢంగా నిద్రపుచ్చారు. మీలో సగభాగమే లెవోసెటిరిజిన్ అనే వేరే పేరు పెట్టుకుని వచ్చి, అదే వైద్యం చేసి వెళ్లింది. వంశమంతా శ్రమపడ్డారు, ధన్యవాదాలు.

చివరికి నరాల డాక్టరు గారు మిమ్మల్ని పక్కన పెట్టి, మూర్ఛ కోసం తయారైన గాబాపెంటిన్‌ను రాత్రిపూట తక్కువ మోతాదుతో మొదలుపెట్టారు. పైపూతకు క్యాప్సైసిన్ రాశారు. అదేమిటా అని చూస్తే మిరపకాయలో కారం! గుంటూరు మిర్చి తిని పెరిగినవాడికి మిరపకారాన్ని మందుల చీటీ మీద రాసివ్వడం! ఈ కారం పట్టుకునే గ్రాహకం నరాల కొసల మీద ఉంటుంది. దాన్ని 1997లో గుర్తించిన బృందానికి నాయకుడు డేవిడ్ జూలియస్, 2021 వైద్య నోబెల్ బహుమతి అందుకున్న ఇద్దరిలో ఒకరు. మా అమ్మమ్మ రోట్లో మిరపకాయలు దంచినన్నాళ్లూ ఆవిడకు శాలువా కప్పినవారు కూడా లేరు.

మొదట్లో వీపు భగ్గుమంది. మరిచిపోయి అదే చేత్తో కన్ను నలుపుకుంటే ఇక చెప్పనక్కరలేదు. పూస్తూ పోగా ఆ నరం కొసలే విసిగి మొద్దుబారాయి. దురద పూర్తిగా పోలేదు, పూత మానితే మళ్లీ మొదలవుతుంది కూడా. అయినా తలుపు అంచుకు వీపు రుద్దుకోవడం తగ్గింది.

తమరికి ఒకటే మనవి. అట్ట వెనక ‘దద్దురు లేని దురదకు నన్ను పిలవకండి’ అని అచ్చు వేయించండి. అక్షరాలు చిన్నవైనా ఫరవాలేదు. దుకాణం వారి కత్తెర ఎలాగూ సరిగ్గా అక్కడే పడుతుంది.

ఇట్లు,
తమ మాజీ భక్తుడు