ట్రక్కు శిక్షణలో తెరకు ఎంత చోటివ్వాలి

అమెరికాలో భారీ వాహనాలు నడపడానికి కావలసిన క్లాస్ ఏ లేదా క్లాస్ బి వాణిజ్య లైసెన్సును తొలిసారి కోరేవారికి ప్రాథమిక శిక్షణ 2022 ఫిబ్రవరి 7 నుంచి తప్పనిసరి అయింది. అందులో సిద్ధాంత భాగాన్ని ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు. పరీక్షలో కనీసం 80 శాతం మార్కులు రావాలి తప్ప, ఇన్ని గంటలు చదవాలన్న నిబంధన లేదు. ఈ వెసులుబాటు మంచిదే కాని, దానికి ఒక హద్దు ఉండాలని నా అభిప్రాయం.

పనిగంటల నిబంధనలనే తీసుకుందాం. సరుకు రవాణా డ్రైవరు వరుసగా 10 గంటల విశ్రాంతి తరువాత, సాధారణంగా 14 గంటల వ్యవధిలో 11 గంటలకు మించి బండి నడపకూడదు. ఈ లెక్కలు ఒక్కసారి వింటే ఒంటబట్టవు. పాఠాన్ని ఆపి, వెనక్కి జరిపి మళ్ళీ వినే వీలు రాత్రి డ్యూటీ చేసి పగలు చదువుకునేవారికి తరగతి గది కంటే ఎక్కువ మేలు చేస్తుంది; వేగంగా సాగే ఇంగ్లీషును అందుకోలేని మనవారికి మరీను. స్లయిడ్లు చదివి వినిపించడమే బోధన అనుకునే తరగతికి రోజు కూలీ వదులుకొని వెళ్ళమని నేనెవరికీ చెప్పను.

ఎయిర్ బ్రేకుల సంగతి వేరు. ఇంజను ఆపి, బ్రేకు పెడల్‌ను ఒక నిమిషం తొక్కిపట్టినప్పుడు ట్రెయిలరు తగిలించిన బండిలో గాలి పీడనం 4 పి.ఎస్.ఐ.కి (చదరపు అంగుళానికి 4 పౌండ్లకు) మించి తగ్గకూడదని తెర మీద చదివినవారు పరీక్షలో సరైన జవాబు గుర్తించగలరు. అయితే చక్రాలకు అడ్డు పెట్టారా, తొక్కగానే పడే తొలి పీడనాన్ని వదిలేసి ఆ తరువాతే నిమిషం లెక్కించారా, గేజి ముల్లును నిజంగా గమనించారా అన్నది పక్కనున్న శిక్షకుడికే తెలుస్తుంది. అక్కడికక్కడ దిద్దకపోతే తప్పే అలవాటుగా స్థిరపడుతుంది.

స్టీరింగు శిక్షణ అసలు వాహనంలోనే జరగాలని, సిమ్యులేటరును దానికి బదులుగా లెక్కించరాదని నిబంధన స్పష్టంగా చెబుతోంది. నన్ను కలవరపెట్టేది సిద్ధాంతానికీ స్టీరింగు శిక్షణకూ మధ్య ఎడం. సిద్ధాంతం ఒక సంస్థలో, ఆచరణ మరో సంస్థలో, ఏడాది వ్యవధిలో పూర్తి చేయవచ్చు కనుక, చదివిన నెలలకు బండెక్కేవారు ఉంటారు. అందుకే స్కూలును ఎంచుకునేటప్పుడు ఫీజుతో పాటు, ఒక్కొక్కరికి స్టీరింగు దగ్గర ఎంత సమయం దక్కుతుందో, యార్డులో మొదటి రోజు సిద్ధాంతాన్ని మళ్ళీ నోటితో అడుగుతారో లేదో కనుక్కోవాలి. అనుభవమున్న మన డ్రైవర్లతో కొత్తవారి సందేహాలకు తెలుగులో జవాబులు చెప్పించే సమావేశాలను మన సంఘాలు వారాంతాల్లో ఏర్పాటు చేయాలి.