ఫ్యూగ్ రాయడం లెక్క చేయడం కాదు

18వ శతాబ్దపు జర్మన్ సంగీతకర్త బాఖ్ గురించి ఒక సందేశం చాలాకాలంగా చేతులు మారుతోంది. ఒకేసారి సాగే స్వర వరుసలను గొంతులంటారు. ఒకే ట్యూన్‌ను అవి ఒకదాని తర్వాత ఒకటి అందుకుని అల్లుకుంటే ఫ్యూగ్, ఒకటి పలికినదాన్నే ఇంకోటి కాస్త ఆలస్యంగా వెంబడిస్తే కానన్. గొంతులను కలిపి నడిపే విద్య కౌంటర్‌పాయింట్, కలిసి మోగే స్వరాల పొందిక హార్మొనీ. సందేశంలో ఉన్నది ఇదీ: ‘ఫ్యూగ్ అంటే గణితం. 1725లో ఫుక్స్ రాసిన కౌంటర్‌పాయింట్ పుస్తకంలో ఐదు మెట్లున్నాయి, బాఖ్ వాటిని ఎక్కే అంతవాడయ్యాడు. గొంతులు వేటికవి నడుస్తాయి కాబట్టి హార్మొనీతో పని లేదు. నియమాలు వస్తే ఏ ట్యూన్‌నైనా కానన్ చేసేయొచ్చు. ఫ్యూగ్‌కు ఒకటే మూస. అందుకే ప్రష్యా రాజు ఇచ్చిన ట్యూన్ మీద బాఖ్ ఆరు గొంతుల ఫ్యూగ్‌ను అక్కడికక్కడే వాయించేశాడు.’ వెస్టర్న్ సంగీతం మొదలుపెట్టిన పిల్లలకు దీన్ని పంపి, ముందు ఆ పుస్తకం పూర్తి చెయ్యమంటున్నవాళ్లున్నారు. టెన్షన్ పడి మానేసేది పిల్లలే.

ఆస్ట్రియా సంగీతకర్త ఫుక్స్ సంగతి తేదీలతోనే తేలిపోతుంది. 24 ఫ్యూగులున్న బాఖ్ కీబోర్డ్ రచన ‘వెల్ టెంపర్డ్ క్లేవియర్’ మొదటి భాగం రాతప్రతి మీద ఉన్న సంవత్సరం 1722. ఫుక్స్ పుస్తకం అచ్చయ్యేసరికి బాఖ్‌కు 40 ఏళ్లు. తర్వాత ఆ పుస్తకం ఆయన దగ్గర ఉంది, ఆయన శిష్యుడు మిట్స్‌లర్ 1742లో దాన్ని జర్మన్‌లోకి తెచ్చాడు కూడా. కానీ బాఖ్ పాఠం చెప్పిన తీరు వేరు. కొడుకు కార్ల్ ఫిలిప్ ఎమాన్యుయెల్ 1775లో రాసిన ఉత్తరంలో అది స్పష్టంగా ఉంది: ఫుక్స్ తరహా పొడి అభ్యాసాలను నాన్న పక్కన పెట్టేవాడు, శిష్యులు ముందు నాలుగు గొంతుల ఫిగర్డ్ బాస్ (కింది స్వరం, అంకెలు చూసి పై స్వరాలు నింపడం), ఆ తర్వాత కోరల్స్ (చర్చి కీర్తనలు) నేర్చుకోవాలి, ఫ్యూగ్ దగ్గరికి వచ్చాక రెండు గొంతులతో మొదలు. ఎండిపోయిన గణితం అంటే నాన్నకు ఇష్టం లేదని కూడా ఆ కొడుకే రాశాడు. గణితం వాదానికి అంతకంటే దగ్గరి సాక్షి దొరకడు.

ఫుక్స్ పనికిరాడని కాదు. సంగీతకర్త హేడన్ ఆ పుస్తకంతో తనకు తానే నేర్చుకున్నాడు. అపస్వరాన్ని ఎలా తెచ్చి ఎలా దించాలో అంత ఓపికగా చెప్పిన పుస్తకాలు తక్కువ. అయితే ఫుక్స్‌కు ఆదర్శం 16వ శతాబ్దపు పాలెస్ట్రినా, అంటే చర్చి గాయకుల కోసం పాత మోడ్‌లలో (పాతకాలపు స్వరశ్రేణులలో) రాసిన సంగీతం. బాఖ్ ఫ్యూగ్ నడిచేది ఒక కీ (ఆధార స్వరం, దాని స్వరశ్రేణి) నుంచి ఇంకో కీకి వెళ్లి తిరిగి రావడం మీద. అది ఆ మెట్ల మీద దొరకదు.

ఇక అన్నిటికంటే నష్టం చేసే మాట, హార్మొనీతో పని లేదన్నది. ‘వెల్ టెంపర్డ్ క్లేవియర్’ మొదటి భాగంలోని సి మైనర్ ఫ్యూగ్ తీసుకోండి. మొదటి గొంతు సి, బి, సి, జి అంటుంది. రెండో గొంతు అదే ట్యూన్‌ను ఐదో స్వరం దగ్గర అందుకుంటుంది: జి, ఎఫ్ షార్ప్, జి. అచ్చంగా నకలు చేస్తే తర్వాత డి రావాలి. బాఖ్ సి పెట్టాడు. కొత్త కీలోకి ఒక్క ఉదుటున దూకకుండా, ఇంకొంచెంసేపు ఇంటి కీలో కాలు ఉంచడానికి. లెక్క డి అంటుంది, హార్మొనీ సి అంటుంది, గెలిచింది హార్మొనీ.

రెండు గొంతులు పైదీ కిందదీ తారుమారయ్యేలా రాసేటప్పుడూ ఇంతే. పైనున్న ట్యూన్‌ను ఆక్టేవ్ (ఒక స్థాయి) కిందికి దింపితే ఫిఫ్త్ (ఐదు స్వరాల దూరం) కాస్తా ఫోర్త్ (నాలుగు స్వరాల దూరం) అయిపోతుంది, బాస్ (అన్నిటికంటే కింది గొంతు) మీద అది నిలకడగా ఉండదు. అందుకని హాయిగా వినిపించే ఫిఫ్త్‌ను కూడా ముందునుంచే అపస్వరంలా జాగ్రత్తగా చూడాలి. కర్ణాటక సంగీతం నేర్చుకుని ఇటు వచ్చినవాళ్లకు రాగం మీదా తాళం మీదా చెవి సిద్ధంగానే ఉంటుంది. రెండు గొంతులు ఒకేసారి పలికినప్పుడు ఏది నిలుస్తుంది, ఏది ఒరుగుతుంది అన్నదే కొత్త. సందేశం వద్దంటున్నది సరిగ్గా ఆ సాధననే.

ఏ ట్యూన్ అయినా కానన్ అవుతుందా? దొరికిన ట్యూన్‌ను కానన్‌గా మార్చడం అరుదు. కానన్ కోసం ట్యూన్‌ను కడతారు. మొదటి గొంతుకు ఒక బార్ (తాళంలో ఒక ఆవర్తం లాంటిది) రాసి, దాన్ని రెండో గొంతుకు దించి, దాని మీద సరిపడేలా మొదటి గొంతుకు తర్వాతి బార్ రాస్తారు. మళ్లీ దాన్ని దించుతారు. అడుగున హార్మొనీ ముందే ఖాయమైతే పని తేలిక. పాఖెల్‌బెల్ కానన్‌లో మూడు వయొలిన్లు ఒకదాన్నొకటి అనుసరిస్తుంటే కింద బాస్ అవే ఎనిమిది స్వరాలను 28 సార్లు తిప్పుతుంది. బాఖ్ గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్‌లోని 9 కానన్లకూ ఆధారం ఒకటే హార్మొనీ నడక.

మూస మాటకు పెద్ద చర్చ అక్కర్లేదు. అదే మొదటి భాగంలోని సి మేజర్ ఫ్యూగ్‌లో 27 బార్లు, ట్యూన్ మొదలయ్యేది 24 సార్లు. ఒక గొంతు ట్యూన్ ముగించకముందే ఇంకోటి అందుకుంటూనే ఉంటుంది. పక్కనే ఉన్న సి మైనర్‌లో అలాంటి స్ట్రెట్టో ఒక్కటీ లేదు, ఆ జాగాలో ఎపిసోడ్లు, అంటే ట్యూన్ పూర్తిగా రాని మధ్య భాగాలు, ఉన్నాయి. ఇ మైనర్ ఫ్యూగ్‌లోనైతే రెండు చేతులూ ఒక బార్ పాటు ఒకే స్వరాలను ఆక్టేవ్ దూరంలో వాయిస్తాయి, అదీ రెండు చోట్ల. గొంతులు అలా జంటగా నడవకూడదన్నది కౌంటర్‌పాయింట్ నియమం, పరీక్షలో మార్కులు పోయేది అక్కడే.

చివరికి రాజుగారి కథ. 1747 మే 7న పోట్స్‌డామ్‌లో ఫ్రెడరిక్ ఇచ్చిన ట్యూన్ మీద బాఖ్ అప్పటికప్పుడు ఫ్యూగ్ వాయించిన మాట నిజం, మూడు గొంతులతో. ఆరు గొంతులు అడిగితే, ప్రతి ట్యూనూ అన్ని గొంతులకు ఒదగదని తనకు నచ్చిన వేరే ట్యూన్ తీసుకున్నాడని మొదటి జీవితచరిత్రకారుడు ఫోర్కెల్ రాశాడు. రాజు ట్యూన్ మీద ఆరు గొంతుల రిచెర్‌కార్ (ఫ్యూగ్ తరహా రచన) తన ఊరు లైప్‌జిగ్ తిరిగి వెళ్లాక కాగితం మీద పెట్టింది. అది ఉన్న ‘మ్యూజికల్ ఆఫరింగ్’ అంకితం మీద తేదీ జులై 7.